రీజెన్సీ ప్రణయకథలు - కాలవిరోధము



నేటి నా ప్రసంగవిషయము వినిన వెంటనే మీలో కొందఱు నవ్వుకొందురేమో. పంచకావ్యములును వ్యాకరణమును గురువుల యొద్ద చదివి, ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడులలో తెలుగు చెప్పి, అఱువదియాఱేండ్లు నిండి అరుగుమీద కూర్చున్న నావంటివాడు, ఇంగ్లండు దేశపు దొరబిడ్డలు వలచి పెండ్లాడు వేడుకకథలను గూర్చి మాటలాడుట యేమి యని మీకు తోచవచ్చును. నాకును మొదట నవ్వే వచ్చినది. కాని ఆ నవ్వు వెనుక నాకొక పాఠము దొరకినది. ముప్పదియేండ్ల క్రిందట నేను చేసిన యొక తప్పు కూడ ఆ పాఠమువలననే నాకు తెలియవచ్చినది. ఆ రెండింటిని మీ యెదుట పెట్టుటకే వచ్చితిని.

మొదట రీజెన్సీ యన నేమో చెప్పవలెను. ఇంగ్లండును 1760 మొదలు ఏలిన మూడవ జార్జిరాజునకు వార్ధకమున మతి చలించెను. రాజు బ్రదికియే యున్నాడు, రాజ్యము నడపలేడు. అందుచేత పార్లమెంటువారు శాసనము చేసి 1811 ఫిబ్రవరి 5వ తేదిన ఆయన పెద్దకుమారుని రాజప్రతినిధిగా నిలిపిరి. 1820 జనవరి 29వ తేదిన ముసలిరాజు మరణించువఱకు కొడుకు తండ్రిపేర పాలించెను. పిమ్మట తానే నాలుగవ జార్జి యయ్యెను. ఈ తొమ్మిదేండ్ల కాలమునకే రీజెన్సీ యని పేరు. మన బ్రౌనుదొర మదరాసున ఉద్యోగమునకు దిగిన 1817వ సంవత్సరము ఈ కాలములోనిదే యని జ్ఞప్తియందుంచుకొన్నచో మీకు కాలము గుర్తు తెలియగలదు.

కాలము చిన్నదే కాని దానిని రంగస్థలముగా చేసికొని పిమ్మటివారు వ్రాసిన ప్రణయకథలు లెక్కకు మిక్కిలి. కథ తీరు ఇంచుమించుగా ఒక్కటే. కలిమి తఱిగిన యింటి కన్య యొకతె. తలయెత్తి నడచు డ్యూకు ఒకడు. నృత్యసభలో ఇరువురకు మాటపట్టింపు. నడుమ నోటిదురుసు గల మేనత్త. ఒక అపోహ, ఒక అలుక, కడపట కల్యాణము. ముగింపు మొదటి పుటలోనే తెలిసిపోవును, అయినను చదువుదురు. సీతాకల్యాణ మెట్లు ముగియునో యెఱిగియే మనము హరికథకు పోయి తెల్లవారువఱకు కూర్చుండుట లేదా? తెలిసిన కథలోని సుఖము తెలిసిన కథకే కలదు.

హైదరాబాదున చదువుకొనుచున్న నా మనుమరాలు సెలవులకు వచ్చినప్పు డెల్ల ఇట్టి పుస్తకములనే చదువుచుండెను. నేను ఊరకుండలేక, "ఈ పనికిమాలిన కథలవలన నీకు ఒరుగున దేమి? ఇందులో చరిత్రయా, సత్యమా?" యని మందలించితిని. ఆ పిల్ల కోపింపలేదు. "తాతయ్యా, మీరు చదవకుండానే మార్కులు వేస్తున్నారు. మా పేపర్లు అలాగే దిద్దేవారా?" అని మాత్రము అన్నది. ఉపాధ్యాయునకు ఇంతకంటె పెద్ద చెంపపెట్టు లేదు. నాటి రాత్రియే ఒక పుస్తకము తీసికొంటిని. నా యింగ్లీషు అంతంతమాత్రము. నిఘంటువును, ఎఱ్ఱసిరా కలమును ప్రక్కన పెట్టుకొని కూర్చుంటిని.

తప్పులు పట్టుటకు నాకొక కొలబద్ద కలదు. దండి తన కావ్యాదర్శమున పది దోషములను లెక్కించుచు అందు దేశకాలాది విరోధమును ఒకదానినిగా చెప్పెను. ఏ దేశమున లేని వస్తువును ఆ దేశమున పెట్టుట, ఏ కాలమున లేనిదానిని ఆ కాలమునకు అంటగట్టుట దోషమని ఆయన తీర్పు. ఈ కొలబద్దతో నేను చదివిన కథలలో మంచివియు కలవు, చెడ్డవియు కలవు. చెడ్డవానిలోని తప్పులను ముందుగా విన్నవించెదను.

ఒక కథలో నాయకుడు చీకటిగదిలో అగ్గిపుల్ల గీచి దీపము వెలిగించెను. ఇంగ్లండున రాపిడితో మండు అగ్గిపుల్లలను జాన్ వాకర్ అను మందుల వర్తకుడు అమ్మ మొదలుపెట్టినది 1827లో. రీజెన్సీనాటి ప్రభువునకును మన ముత్తాతకును నిప్పునకు దిక్కు చకుముకిరాయియే. వేఱొక కథలో నాయిక తనకు వచ్చిన జాబును తటాలున విప్పి చదువుకొనెను. 1840కి ముందు జాబునకు రుసుము సాధారణముగా ఇచ్చుకొనవలసినది పుచ్చుకొన్నవారే. బీదయింటి పిల్లకు ప్రియుని జాబు వచ్చుట సంతోషమే. దానికి పైకము ఎవరిచ్చిరన్నది రచయితకు తోచలేదు. ఆ చిక్కునుండియే ఎంతటి చక్కని సన్నివేశము పుట్టియుండునో చూడుడు!

బిరుదుల విషయమున పొరపాటులకు మితి లేదు. మన రాయలసీమవా రెఱిగిన మన్రోదొరను 'సర్ థామస్' అని పిలువవలెనే గాని 'సర్ మన్రో' యనరాదు. సర్ అను మాట సొంతపేరునకే చేరును గాని యింటిపేరునకు ఒంటిగా చేరదు. ఆ దేశపు బిడ్డ పాలు మానకముందే నేర్చుకొను ఈ సంగతి చాలమంది రచయితలకు పట్టువడలేదు. ఇక డ్యూకుల సంగతి. రాజకుటుంబమువారిని విడిచినచో ఆనాటి బ్రిటనుదేశమంతట డ్యూకులు ముప్పదిమందికి లోపే. వారిలో వృద్ధులు, పెండ్లియైనవారు పోగా మిగిలినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఈ కథలలోనో, ప్రతి సందుమలుపునను పాతికేండ్ల సుందరుడైన డ్యూకు ఒకడు గుఱ్ఱము దిగుచుండును.

అన్నిటికంటె నాకు వింతగా తోచిన తప్పు ఒక వనభోజనము. అది 1816 జూను మాసమట. ఎండ ఫెళఫెళ కాయుచుండగా కన్యలందఱు గొడుగులు పట్టుకొని పచ్చికమీద కూర్చుండిరట. సేద్యము చేసిన మీకు ఈ సంగతి చెప్పితీరవలెను. 1815 ఏప్రిలులో జావాకు తూర్పున సుంబావా ద్వీపమునందలి తంబోరా యను అగ్నిపర్వతము పగిలెను. ఆ ధూళి ఆకాశమున వ్యాపించి లోకము చల్లబడెను. మఱుచటి యేడు, అనగా 1816, ఐరోపాలో వేసవి లేని సంవత్సరమని పేరుపడినది. ఎడతెగని ముసురు, పంటలు చెడినవి, గోధుమధర పెరిగినది. ఆ యేడు మే మాసమున ఇంగ్లండులోని లిటిల్‌పోర్టు, ఈలీ అను నూళ్లలో కూలిజనము ఆకలికి తాళలేక తిరుగబడగా అయిదుగురిని ఉరితీసిరి. అట్టి యేటి జూనులో మన నాయిక ఎండకు కందిపోవుచున్నది! పంచాంగము చూడకుండ ముహూర్తము పెట్టిన పురోహితునకును ఈ రచయితకును భేద మేమి?

ఇంతవఱకు నా ఎఱ్ఱసిరా బాగుగనే పనిచేసినది. నేనే గెలిచితినని సంబరపడితిని. అప్పుడు నా మనుమరాలు నాచేత జార్జెట్ హేయర్ నవల నొకదానిని పెట్టినది.

ఈ హేయర్ 1902లో పుట్టిన ఆంగ్లస్త్రీ. జబ్బుతోనున్న తమ్ముని ప్రొద్దుపుచ్చుటకై కల్పించి చెప్పిన కథయే ఆమె మొదటి పుస్తకమై 1921లో అచ్చుపడినది. అప్పటి కామెకు పందొమ్మిదేండ్లు. 1935లో 'రీజెన్సీ బక్' అను నవలతో ఈ కాలమున అడుగుపెట్టినది. 1974లో మరణించునాటికి ఏబదికి పైగా నవలలు వ్రాసినది. నేడు మనము రీజెన్సీ ప్రణయకథ యని పిలుచు తెగకు ఆమెయే మూలపుటమ్మ. ఆమె పనిచేసిన తీరు పండితుడు నిఘంటువు కూర్చిన తీరే. ఆనాటి దుస్తులు, బండ్లు, గుఱ్ఱములు, ధరలు, గడుసుమాటలు, అన్నింటిని పాత జాబులనుండియు దినచర్యలనుండియు ఏరి నోటుపుస్తకములలో వర్గీకరించి పెట్టుకొనెడిది. సామాన్యజనమునకు లభింపని ఒక పాత గ్రంథమున ఆమెకు దొరకిన పలుకుబడి మఱియొకరి నవలలో కనబడగా, ఇది నా పుస్తకమునుండియే యెత్తుకొన్న దని ఆమె గుర్తుపట్టెనట. దొంగిలినవారికి దాని పుట్టుచోటు తెలియదు. దానిని త్రవ్వి తీసినవారికి తెలియును.

1937లో ఆమె వ్రాసిన 'యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ' వాటర్లూ యుద్ధమును గూర్చినది. 1815 జూను 15వ తేది రాత్రి బ్రస్సెల్సు నగరమున రిచ్మండు డ్యూకుగారి భార్య నృత్యసభ చేయుచుండగా నెపోలియను సేన వచ్చుచున్నదను వార్త చేరెను. సేనానులు నాట్యము విడిచి రణమునకు నడచిరి. దుస్తులు మార్చుకొను తీఱిక లేక నృత్యవేషముతోడనే పోరాడినవారు కలరు. మూడవనాడు వాటర్లూ. ఇది కల్పన కాదు, చరిత్ర. ఏ కవియు ఇంతకంటె బలమైన ఘట్టమును కల్పింపలేడు. ఆ నవలలో వెల్లింగ్టను ప్రభువునోట వచ్చు మాటలను వీలైనంతవఱకు ఆయన జాబులనుండియు ఆయన పలికినట్లు నమోదైన మాటలనుండియే ఆమె తీసికొన్నది. సత్యము ప్రణయమునకు శత్రువు కాదని నా కిక్కడనే తెలిసినది.

ఆ కాలముననే యుండి వ్రాసిన జేన్ ఆస్టెన్ కూడ కలదు. ఆమె నవలలు 1811 మొదలు వరుసగా వెలువడినవి. 1817లో ఆమె మరణించినది. ఆమె పుస్తకములలో దుస్తుల వర్ణన మిక్కిలి తక్కువ. బండిచక్రమున కెన్ని ఆకులో చెప్పదు. చెప్పనక్కఱ లేదు. తన యూరిలో తిరుగువాడు త్రోవను వర్ణింపడు. దూరమునుండి వచ్చిన బాటసారియే ప్రతి మఱ్ఱిచెట్టును గుర్తుపెట్టుకొనును. హేయర్ వంటివారు కాలమను దూరమునుండి వచ్చిన బాటసారులు. అందుచేత వారికి వివరములు కావలెను, వివరములలోనే కాలు జాఱుటయు కలదు. మన భాషలో ఎవరైన రెండువందల యేండ్ల నాటి కథ వ్రాయబూనినచో 1830లో బయలుదేఱిన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రను ముందు పెట్టుకొనక తప్పదు గదా! ఏ మజిలీలో ఏమి దొరకును, బోయీలకు కూలి యెంత యన్నది ఆయన వంటివారు వ్రాసిపెట్టినందుననే మనకు తెలియుచున్నది.

అయినను చకుముకిరాయి, చక్రపుటాకు సరిపోయినంతమాత్రమున కథ సత్యమగునా? ఇచ్చటనే అసలు ప్రశ్న. ఈ వేడుకకథలు నిలుచున్నది దుస్తులమీద కాదు, వివాహశాసనముమీద. ఈ సంగతి కొంచెము విపులముగా మనవిచేయుదును.

1753లో ఇంగ్లండు పార్లమెంటు ఒక శాసనము చేసి 1754 మార్చి 25 నుండి అమలు పెట్టెను. దాని ప్రకారము వివాహమునకు ముందు చర్చిలో మూడు ఆదివారములు ప్రకటన చేయవలెను, లేదా అనుమతిపత్రము పొందవలెను. ఇరువదియొక్క యేండ్లు నిండనివారు తండ్రి సమ్మతి లేక అనుమతిపత్రముతో పెండ్లాడినచో ఆ పెండ్లి చెల్లదు. కాని ఈ శాసనము స్కాట్లండునకు వర్తింపదు. అక్కడ ఇద్దఱు సాక్షుల యెదుట మే మిరువురము భార్యాభర్తల మనినచో వివాహ మైనట్లే. అందుచేత తండ్రులు కాదన్న జంటలు ఉత్తరమునకు పరుగెత్తి, సరిహద్దు దాటిన వెంటనే తగులు గ్రెట్నాగ్రీను అను పల్లెలో పెండ్లాడెడివారు. కమ్మరి కొలిమియొద్ద దాగలియే పెండ్లిపీట యని ఆ యూరు ప్రసిద్ధి కెక్కినది. 1856లో ఇరువదియొక్క దినములు స్కాట్లండున కాపురముండవలెనను నియమము వచ్చువఱకు ఇది సాగెను.

కథలలో ఈ పరుగు ఒక వేడుక. నేను చదివిన యొకదానిలో ప్రొద్దుట లండనులో బండి యెక్కిన జంట సాయంకాలమునకు గ్రెట్నా చేరిరి! అది మున్నూరు మైళ్లకు పైబడిన దారి. గంటకు ఎనిమిది మైళ్లు పోగల గుఱ్ఱములను మజిలీ మజిలీకి మార్చుకొనుచు, నిదుర మాని పరుగెత్తినను, రెండు పగళ్లు రెండు రాత్రులు పట్టును. వెనుక తండ్రి తఱుముకొని వచ్చుచుండును. ఆ రెండు రాత్రులు గడచిన పిమ్మట పెండ్లి జరుగకపోయినచో ఆ పిల్ల ముఖము చూచువారుండరు. దూరము తగ్గించిన రచయిత తప్పుచేసినది మైళ్ల లెక్కలో కాదు. ఆ పిల్ల తెగింపునకు వెల తగ్గించినది.

తండ్రి యెందులకు అంతగా తఱుమును? పరువు ఒక్కటియే కాదు, సొమ్మును కలదు. ఆనాటి ఇంగ్లండు న్యాయమున పెండ్లియైన క్షణమున స్త్రీయొక్క రొక్కము, నగలు, ఆర్జితము భర్తవి యగును. భూమిపై వచ్చు అయివేజు అతనికే చేరును. పెండ్లికి ముందు ఒప్పందపత్రము వ్రాసి, ధర్మకర్తల పేర కొంత ఆస్తిని నిలిపినచో మాత్రమే ఆమెకు రక్షణ. లేచిపోయిన పిల్లకు ఆ పత్రము వ్రాయువా రెవరు? కావుననే ఈ కథలలో కట్నమునకు కాచియుండు ధూర్తుడు తప్పక కనబడును. 1870, 1882 శాసనములు వచ్చువఱకు ఆ దేశపు భార్యకు తనదనుటకు ఆస్తి ఇంచుమించుగా లేదు. మన ధర్మశాస్త్రములలో స్త్రీధనమని వేఱుగా పరిగణించి దానిపై ఆమెకే స్వామ్యము చెప్పిరని నేను గర్వముతో మనుమరాలికి చెప్పితిని. "పుస్తకంలో ఉంది సరే తాతయ్యా, మన ఇళ్లలో ఎవరి చేతిలో ఉంది?" అని ఆమె అడిగినది. దానికి బదులు మన ఆడుపడుచులే చెప్పవలెను.

ఈ మర్మము తెలిసి వ్రాసిన కథలో నవ్వునకు బరువు కలదు. నాయిక మాటకు మాట బదులు చెప్పుట చిలిపితనము మాత్రమే కాదు. తన బ్రతుకంతయు ఒక్క సంతకముతో చేయిమారబోవు పిల్ల తన్ను తాను కాపాడుకొనుటకు మిగిలిన ఆయుధము ఆ మాటయే. మర్మము తెలియక వ్రాసినచో అది వట్టి వాగుడు.

ఇక విడిచిపెట్టినవాని సంగతి. ఈ కథలలో మగ్గపుయంత్రములు విఱుగగొట్టిన కూలీలు లేరు. అట్లు విఱుగగొట్టుట ఉరిశిక్షకు తగిన నేరమని 1812లో శాసనము చేసిరి. 1819 ఆగస్టు 16న మాంచెస్టరు మైదానమున హక్కులడుగ వచ్చిన జనముమీదికి గుఱ్ఱపుదళమును తోలి పదునైదుమందికి పైగా చావునకు కారణమైన ఘోరము లేదు. డ్యూకుగారి రాబడిలో వెస్టిండీసు చెఱకుతోటల బానిసల చెమట యెంతయో ఎవరును అడుగరు. నాయిక తొడిగిన పలుచని మస్లిను ఎవరు నేసిరో చెప్పరు. ఆస్టెన్ నవలలో ఒక నాయకుడు తన చెల్లెలికి నిజమైన హిందూదేశపు మస్లినును గజము అయిదు షిల్లింగులకు కొంటినని చెప్పుకొనును. ఆ దినములలోనే, 1813లో, హిందూదేశ వర్తకమున కంపెనీకిగల గుత్తాధిపత్యమును పార్లమెంటు తీసివేసెను. పిమ్మట లాంకషైరు మిల్లుగుడ్డ వెల్లువగా మన రేవులలో దిగినది. కోరమండల తీరపు సాలెల మగ్గములు ఒకటొకటిగా మూగపోయినవి. ఆ నృత్యసభకును మన చేనేతవాడలకును నడుమ ఒక నూలుపోగు కలదు. కథ దానిని చూపదు.

చూపకపోవుట దోషమా? నేను కొంతకాలము దోషమే యనుకొంటిని. మరల ఆలోచించితిని. మన ప్రబంధకవులు మాత్రము నగరవర్ణనలలో ఆకలిని వర్ణించిరా? పురాణకాలపు పట్టణమునకు తమ కాలపు కోటలను, మేడలను అమర్చలేదా? వేడుకకై పుట్టిన కథ సమస్తమును మోయజాలదు. దండియే యొక మాట చెప్పియున్నాడు: కవియొక్క నేర్పువలన విరోధము కూడ దోషము కాక గుణము కావచ్చునని. కావున నా సిద్ధాంత మిది. విడిచిపెట్టుటకు వేడుకకథకు స్వేచ్ఛ కలదు. కల్పించుటకును కలదు, అది కల్పనయని తెలియనిచ్చినచో. తన కథ దేనిమీద నిలుచున్నదో దానిని చెఱచుటకు మాత్రము స్వేచ్ఛ లేదు. దూలము విఱుగగొట్టి యింటికి రంగు వేయరాదు. వివరము సరిపోయిన చోట హృదయము సరిపోకుండుటయు కలదు. అంతటి హేయరే 1950లో వచ్చిన 'ది గ్రాండ్ సోఫీ'లో ఒక యూదు వడ్డీవ్యాపారిని మనసు నొచ్చునట్టి వెక్కిరింతతో చిత్రించినది. బండిచక్రము సరియే, మనిషి సరికాలేదు.

తుదకు మనుమరాలు 'బ్రిడ్జర్టన్' అను కథామాలికను తెఱమీద చూపినది. జూలియా క్విన్ అను అమెరికా రచయిత్రి 2000 నుండి వ్రాసిన నవలలకు అది రూపాంతరము. 2020 డిసెంబరులో మొదలైనది. దాని కాలము 1813. అందు నల్లనివారు డ్యూకులై యుందురు. ఇది కల్పించిన లోకమని చూచిన వెంటనే తెలియుచున్నది గనుక నేను తప్పుపట్టలేదు. 2022లో వచ్చిన రెండవ భాగమున బొంబాయినుండి శర్మ యను నింటి అక్కచెల్లెండ్రు లండను వత్తురు. ఆ యింట తండ్రిని తమిళ కన్నడములవలె అప్ప యందురు, అక్కను దీదీ యందురు, చెల్లెలిని వంగభాషలో బోన్ అందురు! నా ఎఱ్ఱసిరా మరల పైకి లేచినది. మనుమరాలు నవ్వి, "తప్పే తాతయ్యా. కానీ మనలాంటి పిల్ల ఆ సభలో తలెత్తుకొని నిలబడటం నేను మొదటిసారి చూశాను" అన్నది. కొంచెమాగి, "నిజంగా అప్పుడు అక్కడ మనవాళ్లు ఉన్నారా?" అని అడిగినది.

ఆ ప్రశ్నయే నా ప్రసంగమునకు ప్రాణము. మే మిరువురము కూర్చుండి వెదకితిమి. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మదు 1810లో లండనున హిందూదేశపు వంటకముల కాఫీగృహము తెఱచెనని, అది రెండేండ్లలో దివాలా తీయగా బ్రైటనునకు పోయి ఆవిరిస్నానశాల పెట్టి రాజాదరము పొందెనని తెలిసినది. అటుపిమ్మట దొరకిన కథ మా హైదరాబాదుది. నిజాముకొలువున కంపెనీ ప్రతినిధియైన జేమ్సు కిర్క్‌పాట్రిక్ ఆ నగరపు కులీనకన్యయైన ఖైరున్నీసాను పెండ్లాడెను. వారికి 1802లో కూతురు పుట్టినది. 1805లో ఆ పసిబిడ్డను, ఆమె యన్నను మదరాసురేవున ఓడ యెక్కించి ఇంగ్లండులోని తాతగారి యొద్దకు పంపిరి. ఆ యేడే తండ్రి కలకత్తాలో మరణించెను. తల్లి బిడ్డలను మరల చూడలేదు, 1813లో కన్నుమూసినది. తెఱమీద నృత్యసభలు మెఱయుచున్న ఆ 1813లోనే, నిజమైన ఇంగ్లండులో పదునొకండేండ్ల హైదరాబాదుబిడ్డ తల్లిలేనిదై కిట్టీ యను పేరుతో పెరుగుచుండెను. ఆమె 1829లో ఆంగ్లేయుని పెండ్లాడి, 1841లో హైదరాబాదునందలి అమ్మమ్మతో జాబులు జరిపి, 1889లో ఆ దేశముననే మరణించినది. ఆమె తండ్రి కట్టించిన కోఠీ రెసిడెన్సీ మేడలో 1949 నుండి ఆడుపిల్లల కళాశాల నడచినది. నా మనుమరాలు ప్రతిదినము ఆ మేడ ముందునుండియే బస్సులో పోవుచుండెను. ఎన్నడును తల త్రిప్పి చూడలేదు. ఇప్పుడు బస్సు దిగి చూచి వచ్చినది. వేడుకకథ చెప్పలేదు; కాని వేడుకకథవలన పుట్టిన ప్రశ్న ఆమెను అచ్చటికి నడిపించినది.

ఇక నా తప్పు. ముప్పదియేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక బడిలో పదవతరగతి చదువు పిల్ల వ్యాకరణపుస్తకము నడుమ ఒక ప్రణయనవల దాచుకొని చదువుచుండగా పట్టుకొంటిని. తరగతి యెదుట నిలువబెట్టి, పుస్తకము లాగుకొని, తండ్రికి కబురు పంపితిని. ఆ తండ్రి బడి మాన్పించెను. ఆ వేసవిలోనే పెండ్లి చేసెను. నేను చెడగొట్టవలెనని చేయలేదు. కాని ఆ పిల్ల కనులలో నున్న ప్రశ్న యేదో నేను అడుగలేదు. ఇది నిజమా, అట్టి లోకము కలదా, అని ఆమెయు అడిగియుండునేమో. అడుగుటకు వ్యవధి నేనీయలేదు. ఆ పుస్తకము ఇంకను నా బీరువాలో నున్నది.

పెద్దలారా! మీ యిండ్లలోను పిల్లలు ఇట్టి పుస్తకములు చదువుచుందురు, తెఱలమీద చూచుచుందురు. లాగుకొనకుడు. ప్రక్కన కూర్చుండి రెండే ప్రశ్నలు వేయుడు: ఇందు నిజమెంత? చెప్పక విడిచినది యేమి? మీకు బదులు తెలియకపోయినను బాధ లేదు. పిల్లలే వెదకి తెత్తురు. మీరు ఆలకించినచో చాలును.

ఆ యమ్మాయి కాపురమున్న యూరు నాకు తెలిసినది. ఇప్పు డామెకును చదువుకొను పిల్లలు కలరట. వచ్చు సంక్రాంతికి పోయి ఆ పుస్తకమును ఆమె చేతికిచ్చి రావలెనని నిశ్చయించుకొంటిని. ఆమె యేమనునో యెఱుగను. ఏమన్నను విని వచ్చెదను.